కంప్యూటర్ గుర్తుపట్టని వైరు

రోహిణి కార్తె, నాలుగో రోజు. ఉదయం. గాలి మీటరు 20.4

ఫ్యాను ఆగింది.

నిన్న సాయంత్రం పైన ఒక్క చినుకైనా లేకుండా పిడుగులు పడ్డాయి. ఒకటి మా సోలార్ పలకల దగ్గర పడ్డట్టుంది. కింద మాకు చప్పుడేమీ వినిపించలేదు. దీపాలు ఒక్కసారి ఆరి మళ్ళీ వెలిగాయి. ఆ తర్వాత ఏదో వెలితిగా అనిపించింది. ఏమిటో తెలియడానికి కాసేపు పట్టింది. పుట్టినప్పటినుంచీ చెవుల్లో ఉన్న హోరు లేదు.

మా తాత ఈ ఐదో బాయిలో, అంటే ఐదో గనిలో, బొగ్గు తవ్వాడు. నేను ఇందులో గాలి కాపలా ఉంటున్నాను. పేరు ఓదెలు. గాలిలో ఆక్సిజన్ ఎంత శాతముందో ఫ్యాను గదిలో మీటరు చూసి ఈ రిజిస్టర్‌లో రాయడం, బెల్టుకు గ్రీజు పెట్టడం, దుమ్ము తుడవడం నా పని. ఇప్పుడు కింద ఎనభై ముగ్గురం ఉన్నాం. పైన నిన్న మధ్యాహ్నం యాభై ఏడు డిగ్రీలు. మృగశిర దాకా ఎవరూ పగటిపూట పైకి వెళ్ళరు. గది గోడ మీద ఎర్ర రంగుతో ఒక నియమం రాసి ఉంది: మీటరు 17కు వస్తే అందరూ పైకి పోవాలి. పైకి పోయి ఎక్కడ ఉండాలో మాత్రం రాయలేదు.

మోటారు బాగుంది. బ్యాటరీలు బాగున్నాయి. మోటారును నడిపే ప్యానెల్ మాత్రం తన సెట్టింగులన్నీ మరిచిపోయింది. దాని బటన్లు కరిగి ముద్దయ్యాయి. మూలన ఒక చిన్న లైటు ఎర్రగా వెలుగుతోంది. బ్యాటరీ కరెంటు నేరుగా ఇస్తే ఆ మోటారు తిరగదు. ప్యానెల్ దాటి వేరే దారి లేదు. ప్యానెల్ కింద తొమ్మిది సూదుల పాత సాకెట్ ఒకటుంది. కంప్యూటర్‌ను దానికి కలిపి సెట్టింగులు మళ్ళీ చెప్పాలి. కంప్యూటర్ బతికే ఉంది. దాని తెర నల్లగా కాలిపోయింది.

అందుకని లసుమక్కను పిలిచాను.

రోహిణి కార్తె, నాలుగో రోజు. మధ్యాహ్నం. 20.1

లసుమక్కకు అరవై దగ్గర పడ్డాయి. పుట్టుగుడ్డి. ఈ కంప్యూటర్‌ను ఇక్కడికి తెచ్చి నిలబెట్టింది ఆమే. ఆమెకు తెర ఎప్పుడూ అక్కర్లేదు. మోచేతి పొడవు బ్రెయిలీ పలక ఒకటుంది. కంప్యూటర్ చెప్పే మాట దాని మీద చుక్కలుగా పైకి లేస్తుంది, ఆమె వేళ్ళతో చదువుతుంది. ఒక్కసారికి ఇరవై అక్షరాలే పడతాయి. తర్వాతివి కావాలంటే పక్కనున్న మీట నొక్కాలి.

ఈ రోజు నుంచి కంప్యూటర్‌ను చదవగలిగేది బాయి మొత్తంలో ఆమె ఒక్కతే.

స్టోరు గదిలో రేకుపెట్టె అడుగున ఒక నీలం వైరు దొరికింది. ఒక కొసన తొమ్మిది సూదులు, ఇంకో కొసన యూఎస్‌బీ. సరిగ్గా మాకు కావలసిందే. ప్యానెల్‌కు బిగించి రెండో కొస కంప్యూటర్‌లో పెట్టాను.

“పెట్టినవా?”

“పెట్టిన అక్కా.”

ఆమె వేళ్ళు పలక మీద కదిలాయి. “అచ్చింది.” వెంటనే కనుబొమలు ముడిచింది. “పోయింది.”

“పోవుడేంది?”

“ఒక్క సెకండ్లనే కలిసింది, తెగింది. నడుమల ఇంకేదో పొడుగు లైనున్నది. ఆగు, సదువుతా.” మీట నొక్కింది. మళ్ళీ నొక్కింది. “కర్నెలు, లోపలి అసలు సిస్టం, ఏమంటుందంటే...”

“కలిసిందా లేదా, గదొక్కటి చెప్పక్కా. మిగతాది తర్వాత సదువుకోవచ్చు.”

ఆమె చెయ్యి తీసేసింది. “లేదు.”

వైరు పీకి మళ్ళీ పెట్టాను. అన్ని రంధ్రాల్లో పెట్టి చూశాను. ప్రతిసారీ అదే: వచ్చింది, పోయింది. కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ మొదలుపెట్టాం. వచ్చింది, పోయింది.

రోహిణి కార్తె, ఐదో రోజు. 19.2

వైరు చెడిపోయిందని తేల్చుకున్నాను. సూదులు కిరోసిన్‌తో కడిగాను. కొస కోసి, లోపలి పోగులు మళ్ళీ అతికించాను. వచ్చింది, పోయింది.

మా బాయి పెద్ద, సర్దార్ రాయమల్లు కాక ఉదయం నుంచి పైకి పోయే వాలుబాటలో మనుషుల్ని వరసగా నిలబెట్టి గోనెపట్టాలు ఊపిస్తున్నాడు. పైనుంచి గాలి కొంచెమైనా దిగుతుందేమోనని. దిగుతోంది, కానీ ఊపేవాళ్ళ రొప్పుకే అది సరిపోతోంది. అందరికీ తలనొప్పి. పొయ్యిలు ఆర్పేశాం. నిన్నటి జొన్నరొట్టెలే తింటున్నాం.

నా భార్య స్వరూప మా బిడ్డను పట్టుకొని వాలుబాట మొదట్లో, గాలి తగిలేచోట కూర్చుంది. బిడ్డ పుట్టి పద్దెనిమిది రోజులు. ఇంకా పేరు పెట్టలేదు. పాలు తాగుతూ తాగుతూ నోరు వదిలేసి గస పెడుతోంది.

“ఇంక ఎంతసేపయితది?” అంది స్వరూప.

“వైరు కలిస్తే గంట పని.”

“నిన్న గూడ గిదే అన్నవ్.”

లసుమక్క ఫ్యాను గదిలోనే ఉంది. నేను లోపలికి వెళ్ళేసరికి పలక ముందు కూర్చొని మీట నొక్కుతోంది. “తమ్మీ, ఈ సిస్టం రాసినోళ్లు ఏది దాసిపెట్టలే. లోపల ఏం జరిగినా రాసి పెడ్తది. మనం సదువుకోవాలె అంతే. నాకొక గంట...”

“ఒకసారి కంప్యూటర్ ఆపాలె అక్కా. కొస మళ్ల అతికిచ్చిన. చూద్దాం.”

ఆపేశాను. ఆమె చదువుతున్నది పోయింది. కొస అతికింది. వచ్చింది, పోయింది.

రోహిణి కార్తె, ఆరో రోజు. మధ్యాహ్నం. 17.9

తెల్లవారకముందే పైకి వెళ్ళాను. రెండు కిలోమీటర్ల దూరంలో లారీలను తూచే పాత వేబ్రిడ్జి ఉంది. కాటా మిషన్లకు ఇలాంటి వైర్లే వాడేవారని కాక చెప్పాడు. తడి గోనె కప్పుకొని, నాలుగు లీటర్ల నీళ్ళతో బయలుదేరాను.

చీకట్లో కూడా నేల వేడి చెప్పుల్లోంచి తగిలింది. వేబ్రిడ్జి గదికి కప్పు లేదు. తెరలు రెండున్నాయి, రెండూ ఎండకు వంకర్లు తిరిగి పెచ్చులుగా ఊడిపోయాయి. బల్ల సొరుగు తుప్పుపట్టి రాలేదు. కాలితో తన్ని తన్ని విరగ్గొట్టాను. అందులో రెండు వైర్లు, ఒకటి తెల్లది, ఒకటి నల్లది. ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉన్నాయి, కొత్తవాటిలా. అక్కడే నిలబడి ఏడ్చాను. నీళ్ళు దండగని తెలుసు.

తిరిగి వచ్చేటప్పుడు పొద్దెక్కింది. చివరి అర కిలోమీటరు ఎలా నడిచానో గుర్తులేదు. బాయి నోటి దగ్గర ఎవరో నన్ను లోపలికి లాగారు. తల మీద నీళ్ళు పోశారు. వైర్లు మాత్రం చేతిలోనే ఉన్నాయి.

తెల్లది పెట్టాను.

“అచ్చింది,” అంది లసుమక్క. గదిలో పదిమంది ఉన్నారు. ఎవరూ ఊపిరి తీయలేదు. “పోయింది.”

నల్లది పెట్టాను.

ఆమె పలక మీద ఒకసారి వేళ్ళు నడిపింది. తల అడ్డంగా ఊపింది.

మూడు వైర్లు చెడిపోవు. ఆ సంగతి నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది. నాకు మాత్రం వైరును గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టాను కూడా.

రోహిణి కార్తె, ఆరో రోజు. పొద్దుగూకే వేళ. 17.6

కాక అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడాడు.

“రేపు పొద్దటికి పదిహేడుకొస్తది. అప్పుడు లేస్తే ఎవల కాళ్లూ సాగయి. ఏడో బాయిల ఫ్యాను నడుస్తుంది. ఇరవై కిలోమీటర్లు. ఇప్పుడు బయలెల్లితే పొద్దు పొడిసే సరికి రైలు కట్ట కింది తూముకాడికి పోతం. పగలంత అండ్లనే ఉండి, మళ్ల రాత్రికి ఏడో బాయి చేరుకుంటం. నడిసేటోళ్లు లేవుండ్రి.”

“నడువనోళ్లు?” అన్నారెవరో.

కాక ఒక మంచం వైపు చూశాడు. ఆయన భార్య పోసక్క చిన్నమ్మ మోకాళ్ళు లేవక మూడేళ్ళుగా మంచం మీదే ఉంది. ఆమే చెప్పింది. “నడువనోళ్లు గాలి తక్కువ పీలుస్తరు. మీరు పోతే మిగిలిన గాలి మాకే. పోండ్రి.”

నలభై నలుగురు లేచారు. స్వరూప లేవలేదు.

“నువ్వస్తేనే పోత,” అంది.

“లసుమక్కకు కండ్లెవలు? ఆ లైటు చూసి చెప్పేటోళ్లు కావాలె గదా.”

“మూడు దినాల నుంచి ఏం చూసినవ్?”

బిడ్డ పెదవులు బూడిద రంగులోకి మారాయి. పైకి తీసుకెళ్తే ఎండ, ఇక్కడే ఉంచితే ఇది. నేనే బిడ్డను ఆమె ఛాతీకి కట్టి, పైన తడిగుడ్డ కప్పాను. నేనే “పో” అన్నాను. రిజిస్టర్‌లో ఇది రాయాల్సిన అవసరం లేదు. అయినా రాస్తున్నాను.

కాక చిన్నమ్మ మంచం దగ్గర ఆగాడు. ఆమె ఆయన నడుముకు వేలాడుతున్న నీళ్ళ సీసా మూత గట్టిగా ఉందో లేదో తిప్పి చూసింది. అంతే.

రోహిణి కార్తె, ఏడో రోజు. ఉదయం. 17.3

ముప్పై ఏడుగురం మిగిలాం. అందరూ పడుకొని ఉన్నారు. గోనెపట్టాలు ఊపేవాళ్ళు లేరు. నా చేతిరాత వంకర పోతోంది. ఇదే లైను రెండుసార్లు రాశానేమోనని వెనక్కి వెళ్ళి చూసుకున్నాను.

ఫ్యాను గదిలో లసుమక్క గోడకు ఆనుకొని కూర్చుంది.

“ఇప్పుడన్న నన్ను సదువనిస్తవా?” అంది.

ఆమె గొంతులో కోపం లేదు. అందుకే ఆ మాట నన్ను కోసేసింది.

“సదువక్కా.”

“నేను ఇరవై ఇరవై అక్షరాలు చెప్తా. నువ్ రాయి. కొస దాక సదివినంక మాట్లాడు.”

నల్ల వైరు కంప్యూటర్‌లో పెట్టాను. పెట్టిన క్షణాన ఆమె చేతివేళ్ళు ఉలిక్కిపడ్డాయి. “సూశినవా? వైరు పెట్టినప్పుడల్ల నా పలక మీది సుక్కలన్నీ ఒక్కపారి లేసి పడ్తున్నయ్. మొదటిసారే అనుకున్న. నువ్ ఆగనియ్యలే.”

తర్వాత చదివింది. కంప్యూటర్ అసలు సిస్టం తనలో తాను రాసుకునే చిట్టా అది. ఒక్కో ముక్కకూ మీట నొక్కుతూ చదువుతోంటే నేను పెన్సిల్‌తో రాశాను. మొదటి లైను: కొత్త వైరు వచ్చింది, దాని నంబరు ఇది, దాన్ని నడిపే డ్రైవర్ దొరికింది, కలిపాను. మూడో లైను: వైరు విడిపోయింది. ఈ రెండూ నాకు తెలుసు. నాలుగు రోజులుగా తెలుసు. ఈ రెంటి మధ్యనున్న లైను పొడుగ్గా ఉంది. ఆరుసార్లు మీట నొక్కింది. ఈ వైరును డ్రైవర్ పట్టుకొని ఉండగా, ఇంకొక ప్రోగ్రాం వచ్చి తనకు కావాలని లాక్కుంది. ఆ ప్రోగ్రాం పేరు లైను చిట్టచివర ఉంది.

ఆ పేరు చదివాక లసుమక్క పలక మీదినుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“ఏందక్కా అది?”

“నాదే,” అంది. “నా పలకను నడిపే ప్రోగ్రాం.”

నాకు అర్థం కాలేదు. ఆమె నెమ్మదిగా చెప్పింది. ఇలాంటి ప్రతి వస్తువు లోపలా ఒక చిన్న చిప్పు, ఆ చిప్పుకు ఒక నంబరు ఉంటాయి. ఆమె పలకలో ఉన్న చిప్పూ, ఈ మూడు వైర్లలో ఉన్న చిప్పూ ఒక్కటే. నంబరూ ఒక్కటే. వైరు తగిలించగానే ఆ ప్రోగ్రాం ఇంకో బ్రెయిలీ పలక వచ్చిందనుకుంటోంది. తనదిగా పట్టేసుకొని, అది పలక కాదని తెలిశాక కూడా వదలడం లేదు.

“ఎందుకట్ల రాసిండ్రు?”

“మంచికే రాసిండ్రు తమ్మీ. గుడ్డోళ్లు కండ్లున్నోళ్లను బతిమిలాడకుండ, పలక తగిలియ్యంగనే అదంతటదే పనిచెయ్యాలని రాసిండ్రు. నేను ఎవల్ని అడగకుండ ఇన్నేండ్లు సదువుకున్న గదా. గందుకే.” చేతులు మళ్ళీ పలక మీద పెట్టింది. “ఇప్పుడు దాన్ని ఆపాలె.”

“ఆపితే?”

“నా పలక సస్తది. ఆ కంప్యూటర్ల ఏమైతుందో నీకు కనవడదు, నాకు తెల్వది.”

రోహిణి కార్తె, ఏడో రోజు. ఇంకా ఉదయమే. 17.1

పని ఇలా పంచుకున్నాం. పలక ఆపకముందే ఆమె కంప్యూటర్‌లో ఉన్న ప్యానెల్ పుస్తకం తెరిచి సెట్టింగులు ఒక్కొక్కటీ చదివింది. నేను రాసుకున్నాను. మొత్తం ఇరవై నాలుగు లైన్లు. రాసినవి నేను తిరిగి చదివితే ఆమె పలకతో పోల్చుకుంది. నాలుగు తప్పులు దొరికాయి. నా తల సరిగ్గా పనిచేయడం లేదు. మళ్ళీ చదివాను. ఇంకొకటి దొరికింది. మూడోసారి ఏమీ దొరకలేదు.

ప్యానెల్ ఒప్పుకుంటే లైటు ఒకసారి పచ్చగా మెరుస్తుంది. కాదంటే ఎర్రగా మెరుస్తుంది. మూడు ఎర్రలు పడితే ఒక రోజంతా మూసుకుపోతుంది. ఒక రోజు మా దగ్గర లేదు.

నేను లైన్లు చదవాలి, లైటు చూడాలి. ఆమె కీబోర్డు కొట్టాలి. తెర చూడకుండా తప్పు లేకుండా కొట్టగలిగేది ఆమె ఒక్కతే. నేర్చుకున్నప్పటినుంచీ అట్లాగే కొడుతోంది.

“ఆపుతున్న,” అంది. ఒక లైను కొట్టింది. పలక మీది చుక్కలన్నీ ఒక్కసారిగా కిందికి దిగి, పలక నున్నగా అయిపోయింది. ఆమె ఒకసారి దాని మీద అరచెయ్యి పెట్టి చూసి తీసేసింది.

వైరు పెట్టాను. ఎవరూ “అచ్చింది” అనలేదు. అనేవాళ్ళు లేరు. ఆమె గట్టిగా పది దాకా లెక్కపెట్టి, ప్యానెల్‌తో మాట కలిపే లైను కొట్టింది. ప్యానెల్ లైటు వైపు చూశాను. ఎర్రగా నిలకడగా వెలుగుతోంది. కలిసిందో లేదో తెలియదు.

“మొదటిది సదువు. కొస దాక సదువు.”

చదివాను. ఆమె కొట్టింది.

లైటు పచ్చగా మెరిసింది.

నా నోట మాట రాలేదు. ఆమె నా మోకాలు మీద కొట్టింది. “ఏందిరా? చెప్పు!”

“పచ్చ. పచ్చ అక్కా!”

“ఏడువకు. రెండోది.”

పచ్చ. మూడు, పచ్చ. తొమ్మిది, పచ్చ. ప్రతి లైనుకూ అక్షరం అక్షరం చదివాను. నాలుక పిడచకట్టుకుపోయింది. పదహారు దాకా పచ్చే.

పదిహేడోది మోటారు వేగం. 960. ఎర్ర.

“మళ్ల సదువు.”

చదివాను. కొట్టింది. ఎర్ర.

ఇద్దరం కదలకుండా కూర్చున్నాం. ఇక ఒక్కటే మిగిలింది.

“నా కొట్టుడు తప్పుపోలే,” అందామె. “పుస్తకంల గట్లనే ఉన్నది. ప్యానెల్ ఒప్పుకుంటలేదంటే ఇప్పుడున్న మోటారుకు ఇది పొసుగుతలేదు. పుస్తకం ఏ మోటారుకు రాసిండ్రు?”

అప్పుడు గుర్తొచ్చింది. ఆరేళ్ళ కింద మోటారు కాలిపోతే రెండో బాయి నుంచి పాత మోటారు ఒకటి ఎడ్లబండి మీద తెచ్చి బిగించాం. బోల్టులు నేనే బిగించాను.

దీపం పట్టుకొని మోటారు వెనక్కి పాక్కుంటూ వెళ్ళాను. దాని వివరాలు చెక్కిన రేకు గోడవైపు ఉంది. నేను ఆరేళ్ళుగా పెడుతున్న గ్రీజే దాని మీద వేలు మందాన పేరుకుంది. చొక్కాతో తుడిచాను. అంకెలు కళ్ళ ముందు ఈదుతున్నాయి. వేలితో తడిమి, ఒక్కో అంకె గట్టిగా అరిచాను. ఏడు. మూడు. అయిదు.

“నిజంగ కనవడ్డదా, అనుకుంటున్నవా?”

మళ్ళీ తుడిచాను. మళ్ళీ చూశాను. “కనవడ్డదక్కా. ఏడొందల ముప్పై అయిదు.”

ఆమె కొట్టింది. నేను మోటారు వెనకే ఉన్నాను. లైటు కనిపించదు. ఆమెకూ కనిపించదు. పాక్కుంటూ బయటికి వచ్చేసరికి లైటు మళ్ళీ నిలకడగా ఎర్రగానే ఉంది. మెరిసిందో, ఏ రంగున మెరిసిందో చూడలేదు.

“ఏం పడ్డది?” అంది.

“సూడలే.”

ఆమె వేళ్ళు మళ్ళీ కీబోర్డు మీద పెట్టింది. “అయితే పద్దెనిమిది సదువు. మూసుకపోయి ఉంటే ఇంక మెరువనే మెరువది.”

చదివాను. కొట్టింది.

పచ్చ.

రోహిణి కార్తె, ఏడో రోజు. పన్నెండు నలభై. 17.0

ఇరవై నాలుగో లైను తర్వాత ఏమీ జరగలేదు. ఆమె వేళ్ళు మడుచుకొని కూర్చుంది. నేను లోలోపల లెక్కపెడుతున్నాను. పదకొండు దగ్గర మోటారు ఒక మూలుగు మూలిగింది. బెల్టు జారి కీచుమంది, పట్టుకుంది. ఫ్యాను రెక్కల మీది నాలుగు రోజుల దుమ్ము మా ముఖాల మీద పడింది. గది తలుపు ధడేలున మూసుకుంది. సొరంగం లోపలి నుంచి ఎవరిదో కేక వినిపించింది. తర్వాత ఇంకొకరిది.

లసుమక్క దుమ్ము తుడుచుకోలేదు. ముఖం గాలి వైపే తిప్పి పెట్టుకొని కూర్చుంది.

నేను గోడ గడియారం చూశాను. ఒంటిగంట కావస్తోంది. వాళ్ళు పొద్దున్నుంచీ తూములో ఉన్నారు. పైన యాభై ఏడు. ఇప్పుడు బయలుదేరితే అరగంటలో పడిపోతాను.

“కూసో,” అంది లసుమక్క. నేను లేచినట్టు చప్పుడును బట్టి తెలిసింది. “నువ్ సచ్చి వాళ్లకేం చేస్తవ్?”

సాయంత్రం అయిదున్నర దాకా ఫ్యాను కింద కూర్చున్నాను. చల్లటి గాలి వీపుకు తగులుతుంటే.

రోహిణి కార్తె, తొమ్మిదో రోజు. 20.5

నిన్నటి రోజు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మొన్న సాయంత్రం సైకిల్‌కు నాలుగు నీళ్ళ డబ్బాలు కట్టుకొని తోసుకుంటూ వెళ్ళాను. ఎక్కి తొక్కడానికి బలం లేదు. తూము దగ్గరికి చేరేసరికి బాగా రాత్రయింది. వాళ్ళు అప్పటికి బయలుదేరి ఉండాలి. కానీ లేచే సత్తువ ఎవరికీ లేదు. అక్కడే ఉన్నారు.

తూము పడమటి నోటికి గోనెపట్టా ఒకటి కట్టి ఉందనుకున్నాను. దగ్గరికి వెళ్ళాక తెలిసింది, కట్టలేదు. రాయమల్లు కాక దాన్ని రెండు చేతులా పట్టుకొని, వీపు ఎండ వచ్చిన వైపు పెట్టి, నోటికి అడ్డంగా కూర్చున్నాడు. మధ్యాహ్నం నుంచీ అట్లాగే కూర్చున్నాడట. మొదట వంతులవారీగా పట్టుకున్నారట; తర్వాత ఆయన ఎవరికీ ఇవ్వలేదట. నేను భుజం మీద చెయ్యి వేసేసరికి పక్కకు ఒరిగిపోయాడు. పట్టా మాత్రం వేళ్ళనుంచి రాలేదు.

ఆయనతో కలిపి ఆరుగురు పోయారు. పేర్లు చివరి పేజీలో రాశాను.

స్వరూప తూము నడుమ, అందరికన్నా లోపల ఉంది. బిడ్డతో ఆమెను అక్కడ కూర్చోమన్నది కాకేనట. నేను డబ్బా మూత తీసి ఇస్తే ఆమె తాగకుండా ముందు గుడ్డ తడిపి బిడ్డ తల మీద వేసింది. బిడ్డ ఏడ్చింది. బొంగురుగా, పిల్లికూనలా. ఆ ఏడుపు విని చుట్టుపక్కల వాళ్ళు కళ్ళు తెరిచారు.

“ఫ్యాను తిరుగుతుంది,” అన్నాను.

“ఎప్పటిసంది?” అంది స్వరూప.

“పగటీలి నుంచి.”

ఆమె చాలాసేపు నన్నే చూసింది. తెల్లారేలోపు మిగిలిన నలభై మందీ తిరిగి వచ్చారు. వైరు ఎందుకు కలవలేదో నడుస్తూ నడుస్తూ ఆమెకు చెప్పాను. మొదటి రోజు నేను లసుమక్కను ఆపిన సంగతి కూడా చెప్పాను. స్వరూప బిడ్డను ఈ భుజం మీదినుంచి ఆ భుజానికి మార్చుకుంది.

రోహిణి కార్తె, పదో రోజు. 20.7

లసుమక్క తన ప్రోగ్రాంను మళ్ళీ లేపింది. పలక బాగానే పనిచేస్తోంది. ప్యానెల్ సెట్టింగులు గుర్తుపెట్టుకుంది, ఇక వైరుతో పని లేదు. అయినా ఆ మూడు వైర్లకూ కాగితం కట్టి, ముందుగా ఏది ఆపాలో రాసి రేకుపెట్టెలో పెట్టాను.

“అందరికీ వైరుదే తప్పని చెప్పు,” అంది లసుమక్క. “లేకుంటే నా ప్రోగ్రాందని చెప్పు. నాకేం కాదు.”

“లేదక్కా.”

పోసక్క చిన్నమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె మంచాన్ని గాలి సూటిగా వచ్చే దారిలోకి జరిపారు. వెల్లకిలా పడుకొని కప్పు వైపు చూస్తోంది. నిలబడే చెప్పాను. మొదటి రోజు మధ్యాహ్నమే జవాబు లసుమక్క వేళ్ళ కింద ఉందని చెప్పాను. కొస దాకా చదవనిచ్చి ఉంటే ఆ సాయంత్రానికే ఫ్యాను తిరిగేది. ఎవరూ పైకి వెళ్ళేవాళ్ళు కాదు. కాక వెళ్ళేవాడు కాదు.

ఫ్యాను హోరు ఒక్కటే వినిపిస్తోంది.

“ఆయన సచ్చిపోయేటప్పుడు నీళ్ల సీసల నీళ్లున్నయా?” అని అడిగింది.

“ఉన్నయి సిన్నమ్మా. సగం.”

“ఎవలకన్న ఇచ్చుంటడనుకున్న. తనూ తాగలేదా?”

“చేతులు పట్టా ఇడువలేదట.”

ఆమె కళ్ళు మూసుకుంది. నేను ఆమె తిడుతుందని, కొడుతుందని, ఏదో ఒకటి చేస్తుందని నిలబడ్డాను. చెంపల మీదికి నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి. తుడుచుకోలేదు.

కొంతసేపటికి కళ్ళు తెరవకుండానే అంది:

“గాలికి అడ్డం నిలవడ్డవ్ ఓదెలూ. జరుగు.”